లాగేవీ ఆ రెండు చక్రాలే, ఆపేవీ ఆ రెండే: అకాల వర్షంలో ట్రాక్టరు ట్రక్కు లెక్క

మిర్చి కల్లాల మీద ఉండగా మబ్బు పట్టిందంటే గుంటూరు చుట్టుపక్కల ఊళ్లన్నిట్లో ఒకటే హడావిడి. పట్టలు బయటికొస్తాయి. పరిచిన కాయ కుప్పలవుతుంది. టిక్కీలు (మిర్చి బస్తాలు) తొక్కి ట్రక్కుకెత్తి, చినుకు ముదిరేలోపు ఇంటికో కోల్డు స్టోరేజీకో చేరాలని ట్రాక్టరు బయల్దేరుతుంది. కృష్ణ అవతలి ఒడ్డున అదే రోజుల్లో మొక్కజొన్న, ఆ వెనకే దాళ్వా (రెండో పంట) వరి ఇదే తొందరలో ఉంటాయి. రెండు రోజులాగి పేపరు తిరగేస్తే ఎక్కడో ఓ మూల ట్రాక్టరు కాలువలో బోల్తా పడిందన్న వార్త. కారణం దగ్గర ఎప్పుడూ ఉండే మాటే ఉంటుంది: అతివేగం. నిండు సరుకుతో పాతిక కిలోమీటర్ల దగ్గర పోయే బండికి అతివేగమేమిటి?

ఆ మాటలో కొంత నిజం ఉంది. అది వేగం కొలిచే ముల్లులో కనిపించదు, బరువు ఏ చక్రం మీద ఎంత పడుతోందన్న లెక్కలో కనిపిస్తుంది.

ట్రక్కు, హుక్కు, వాటి మధ్య పడే బరువు

మన దగ్గర ట్రక్కంటే లారీ కాదు, ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి. చట్టం దాన్ని ట్రైలర్ అంటుంది. ఇందులో రెండు రకాలు. ఒకటే ఇరుసుతో రెండు చక్రాలుండేది మొదటిది. ముందో ఇరుసు, వెనకో ఇరుసుతో నాలుగు చక్రాల మీద తనంతట తాను నిలబడేది రెండోది. నాలుగు చక్రాలది తన బరువంతా తనే మోస్తుంది. రెండు చక్రాల ట్రక్కు అలా నిలబడలేదు, దాని ముక్కు ట్రాక్టరు హుక్కు మీద ఆనాలి. ఆ ముక్కు ఎంత బరువుతో ఆనుతోందన్నదే వర్షంలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె, ఎవరూ తూచని అంకె కూడా అదే.

దీనికి తోడు ఇంకో రెండు సంగతులు. రెండు చక్రాలు లాగే మామూలు ట్రాక్టరుకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి, ముందు చక్రాలు దారి చూపడానికే. చాలా ట్రక్కులకు అసలు బ్రేకులే ఉండవు. కాబట్టి నేల మీద ఆరు చక్రాలు తిరుగుతున్నా ఆపే పని చేసేవి రెండే.

చైత్రపు వాన జారుడు వేరు

ఎండకు కాగిన నేల మీదికి బంగాళాఖాతం నుంచి తేమగాలి వచ్చి, ఆ పైన ద్రోణి ఒకటి ఏర్పడితే మధ్యాహ్నం దాటాక నిట్టనిలువుగా మబ్బులు లేస్తాయి. ఈ వాన ముసురు పట్టదు. ఈదురుగాలితో, ఉరుములతో వచ్చి గంటలో వెళ్లిపోతుంది. రోడ్డుకు మాత్రం ఆషాఢపు ముసురు కంటే ఇదే చెడ్డది. నెలల తరబడి వాన లేక తారు మీద డీజిలు మరకలు, టైర్ల రబ్బరు, దుమ్ము పేరుకుపోయి ఉంటాయి. మొదటి పావుగంట చినుకులకు అదంతా కలిసి పల్చటి జిడ్డుపొర అవుతుంది. వాన గట్టిగా కురిస్తే కొట్టుకుపోతుంది. సన్నగా కురిసి ఆగిపోతే అలాగే నిలుస్తుంది. వాన తగ్గింది కదా అని బయల్దేరిన బండి జారడానికి కారణం చాలాసార్లు ఇదే.

రెండో కారణం మన నల్లరేగడి. ఈ మట్టిలోని బంకకు నీళ్లు తాగి ఉబ్బే గుణం ఉంది. తడవగానే టైరు గట్ల మధ్య ఇరుక్కుని కదలదు, టైరు నున్నటి గుండు అయిపోతుంది. పొలంలోంచి ఆ టైరుతోనే తారెక్కిన ట్రాక్టరు ఓ 200 మీటర్లు మట్టి రాలుస్తూ పోతుంది. తన వెనక వచ్చే ట్రాక్టరుకు కూడా బురదరోడ్డు పరిచి పెడుతుందన్నమాట.

కార్లవాళ్లు భయపడే నీటిపొర మీద తేలిపోవడం ఇక్కడ పెద్ద సమస్య కాదు. టైరులో గాలి ఎన్ని పౌండ్లుందో దాని వర్గమూలాన్ని 16.7తో గుణిస్తే, నిలిచిన నీటి మీద టైరు తేలే వేగం గంటకు కిలోమీటర్లలో సుమారుగా వస్తుంది. 32 పౌండ్ల కారు టైరుకు అది 94. 16 పౌండ్ల ట్రాక్టరు టైరుకు 67. ట్రాక్టరు ఆ వేగం అందుకోదు. దాన్ని జార్చేది నీళ్ల లోతు కాదు, జిడ్డూ బురదా.

120 టిక్కీలతో ఓ లెక్క

మిర్చి టిక్కీ 40 నుంచి 45 కిలోలు తూగుతుంది. 42 అనుకుంటే 120 టిక్కీలు 5,040 కిలోలు, గుండుగా 5 టన్నులు. ఖాళీ ట్రక్కు టన్నున్నర, ట్రాక్టరు 2 టన్నులు. మొత్తం 8,500 కిలోలు.

ట్రాక్టరు సొంత బరువులో 1,300 కిలోలు వెనక చక్రాల మీద ఉన్నాయనుకుందాం. ట్రక్కు ముక్కు 500 కిలోలతో హుక్కు మీద ఆనింది. హుక్కు వెనక ఇరుసుకు ఇంకా వెనక ఉంటుంది కాబట్టి, తక్కెడలాగా ముందు చక్రాల నుంచి కూడా ఓ 175 కిలోలు లేపి వెనక్కి తెస్తుంది. 1,300, 500, 175 కలిపితే దాదాపు 2,000 కిలోలు. ఆపే చక్రాల మీదున్న బరువు ఇదీ.

పొడి తారు మీద రబ్బరు పట్టు 0.7 అనుకుంటే బ్రేకు వేసినప్పుడు దొరికే గరిష్ఠ బలం 2,000 కిలోల్లో 0.7 వంతు, అంటే 1,400 కిలోలు. తడి తారు మీద పట్టు 0.4కు పడితే అది 800. తారు మీద బురద ఉండి 0.2 అయితే 400. ఆపాల్సిన 8,500 మాత్రం వాన పడ్డా పడకపోయినా తగ్గదు.

25 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి పట్టే దూరం చూడండి. పొడి తారు మీద 15 మీటర్లు. తడి తారు మీద 26. బురద మీద 52. డ్రైవరు చూసి కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికి ఒకటిన్నర సెకను పోతుంది, ఆలోపు బండి మరో 10 మీటర్లు నడుస్తుంది. బురద పడిన తారు మీద మొత్తం 62 మీటర్లు. అదే ట్రాక్టరు ట్రక్కు లేకుండా పొడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఐదారు మీటర్లలో నిలబడుతుంది. పొద్దున ఖాళీ ట్రాక్టరు వేసుకుని కల్లానికి వెళ్లినప్పుడు కాలికి అలవాటైన దూరం అది. సాయంత్రం కాలు అదే దూరాన్ని నమ్ముకుంటుంది, దానికి పదింతలు కావాల్సిన చోట.

ఇవి చేతిలెక్కలు. టైరు అరుగుదల, రోడ్డు గరుకుతనం, బ్రేకు సర్దుబాటు వీటిని అటూ ఇటూ చేస్తాయి. దామాషా మాత్రం మారదు. మరో సంగతి: దూరం వేగం వర్గంతో పెరుగుతుంది. 25ని సగం చేస్తే 26 మీటర్లు ఆరున్నరకు దిగుతాయి. అతివేగం అన్న మాటలో నిజం ఇక్కడుంది. పొడి రోడ్డు మీద 25 మెల్లగా పోవడమే, తడి రోడ్డు మీద అదే 25 అతివేగం.

45 సెంటీమీటర్లు వెనక్కి పేరిస్తే

టిక్కీలు ఎక్కించేటప్పుడు వెనక డోరు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఎత్తుగా పేర్చడం మామూలు. మోసేవాళ్లకు నాలుగడుగులు మిగులుతాయి. రోడ్డు మీద దాని వెల ఎంతో చూద్దాం.

హుక్కు నుంచి ట్రక్కు ఇరుసు దాకా 3 మీటర్లు ఉందనుకోండి. 5 టన్నుల సరుకు బరువు మధ్యబిందువు ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందుంటే, హుక్కు మీద పడేది 5,000ను 0.3తో గుణించి 3తో భాగిస్తే వచ్చే 500 కిలోలు. పై లెక్కలో వాడింది ఇదే. ఆ బిందువు ఇరుసు వెనక్కి 15 సెంటీమీటర్లు జరిగిందా, గుర్తు తిరగబడుతుంది. ట్రక్కు ముక్కు హుక్కును 250 కిలోల బలంతో పైకెత్తుతుంది. ట్రాక్టరు వెనక చక్రాల మీద మిగిలేది 960 కిలోలు. తడి తారు మీద ఆగే దూరం 26 నుంచి 54 మీటర్లకు పోతుంది. బస్తా ఒక్కటీ పెరగలేదు, డ్రైవరు మారలేదు, వాన ఎక్కువవలేదు. పేర్పు 45 సెంటీమీటర్లు జరిగింది, అంతే.

‘బరువుంటేనే పట్టు’ అని డ్రైవర్లు అనే మాట దీన్నిబట్టి సగం నిజం. ట్రాక్టరు వెనక చక్రాల మీదికి వచ్చిన బరువు పట్టు పెంచుతుంది. ట్రక్కు ఇరుసు మీద పడిన బరువు తోసుకురావడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అలాగని సరుకంతా ముందుకు గుమ్మరించినా చిక్కే. హుక్కు మీద వెయ్యి కిలోలు పడితే ముందు చక్రాల నుంచి 350 కిలోలు లేచిపోతాయి. అప్పుడు స్టీరింగు తిప్పినా ముందు టైర్లు బురదలో గీరుకుంటూ నేరుగానే పోతాయి. ముందు బంపరుకు ఇనప వెయిట్లు తగిలించేది ఇందుకే. పేర్చాక ఒక చిన్న చూపు సరిపోతుంది: హుక్కు తగిలించి, ట్రక్కు ముక్కు ట్రాక్టరు వైపు కాస్త ఒరిగిందో, వెనక్కి వాలి పిన్నును పైకి లాగుతోందో చూడటం. పిన్ను చేత్తో కదిపితే పైకీ కిందకీ లటలటలాడుతోందంటే ముక్కు తేలికైపోయినట్టే.

కాలువకట్ట దిగేచోట

పొలం దారి నుంచి కట్ట ఎక్కడం, కట్ట మీద నుంచి రోడ్డులోకి దిగడం డెల్టాలో రోజూ ఉండేదే. 20 అడుగులకు ఒక అడుగు దిగే వాలు కంటికి వాలులాగే కనపడదు. కానీ ఆ వాలు మీద 8,500 కిలోల బండిని కిందికి లాగే బలం 425 కిలోలు. బురద మీద బ్రేకు ఇవ్వగలిగింది 400 అని ఇందాక చూశాం. అంటే పెడల్ అడుగంటా తొక్కినా, చక్రాలు పూర్తిగా బిగుసుకున్నా, బండి ఆగదు. జారుతూ వేగం పుంజుకుంటుంది. బ్రేకు ఫెయిలైందని తర్వాత అనుకుంటారు. బ్రేకు పనిచేసింది, నేల పనిచేయలేదు.

తడి తారు వాలు మీద 25 వేగంలో దిగితే ఆగడానికి 56 మీటర్లు కావాలి. అదే 8 కిలోమీటర్లతో దిగితే 6 మీటర్లు చాలు. వాలుకు ముందే చిన్న గేరు వేసుకోవాలనడంలో అర్థం ఇది. డీజిలు ఆదా అని న్యూట్రల్‌లో వదలడం, క్లచ్చు తొక్కి దిగడం వాలు మీద ఉన్న ఒక్క ఆధారాన్నీ వదిలేయడమే. వాలు మధ్యలో గేరు మార్చబోతే క్లచ్చు నొక్కిన ఆ రెండు సెకన్లలో బండి పరుగందుకుంటుంది, గేరు మళ్లీ పడదు. ఒక హెచ్చరిక కూడా: ఇంజను బిగింపు సైతం ఆ రెండు చక్రాల ద్వారానే నేలకు చేరుతుంది. అది పట్టును పెంచదు, ఉన్న పట్టును కుదుపు లేకుండా వాడుకుంటుంది.

ఇక వరిగడ్డి. సరుకు తేలికే, ఎత్తు ఎక్కువ. చక్రాల మధ్య మీటరున్నర ఉన్న ట్రక్కులో టిక్కీలు పేరిస్తే బరువు మధ్యబిందువు నేలకు ఓ 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఒక పక్క చక్రం రెండో దానికంటే దాదాపు 80 సెంటీమీటర్లు కిందికి పోతే గాని బోల్తా పడదు. గడ్డిమోపు వేసి ఆ బిందువు 2 మీటర్లకు చేరితే 50 సెంటీమీటర్లు చాలు. గంటకు 50 కిలోమీటర్ల ఈదురుగాలి 12 చదరపు మీటర్ల గడ్డి గోడను సుమారు 160 కిలోల బలంతో తోస్తుంది. అదొక్కటే ట్రక్కును పడగొట్టలేదు. నాని మెత్తబడిన కట్ట అంచు ఓ అడుగున్నర దిగిన క్షణంలో వచ్చిందంటే మిగతా పని అది చేస్తుంది.

రెండు పెడల్స్, ఒక పట్టీ

ట్రాక్టరుకు ఎడమ చక్రానికో బ్రేకు పెడల్, కుడి చక్రానికో పెడల్. పొలం గట్టు దగ్గర ఒక్కటే తొక్కి గిర్రున తిరగడానికి ఆ ఏర్పాటు. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే చిన్న ఇనప పట్టీని అడ్డంగా వేయాలి. దుక్కి దున్నినప్పుడు తీసిన పట్టీ నెలల తరబడి పక్కకు వేలాడుతూ ఉండటం, తుప్పుపట్టి బిగుసుకుపోవడం చాలా ట్రాక్టర్లలో కనిపించేదే. తడి రోడ్డు మీద కంగారులో కాలు ఒక పెడల్ మీదే పడితే ఒక చక్రం బిగుస్తుంది, రెండోది తిరుగుతూనే ఉంటుంది. ట్రాక్టరు ఉన్నచోటే అడ్డం తిరుగుతుంది. వెనక ట్రక్కు నేరుగా వచ్చి దాని నడుముకు తగులుతుంది. పట్టీ వేసినా రెండు బ్రేకుల బిగింపు సమంగా లేకపోతే అదే చిన్న మోతాదులో జరుగుతుంది. పొడి నేల మీద పాతిక అడుగుల దూరం బ్రేకు వేసి, రెండు టైర్ల గీతలు ఒకే పొడవున్నాయో లేదో చూస్తే తెలుస్తుంది.

మలుపులో బ్రేకు వేసినప్పుడు ట్రక్కూ ట్రాక్టరూ కత్తి మడిచినట్టు మడుచుకోవడానికి మూలం కూడా ఇలాంటిదే. నేరుగా పోతున్నంతసేపు ట్రక్కు తోపు ట్రాక్టరు వెన్నుకు సూటిగా ఉంటుంది. మలుపులో ఆ తోపు పక్కకు పడుతుంది. వెనక చక్రాలు బిగుసుకుని జారుతుంటే ఆ పక్కతోపును తట్టుకునే శక్తి వాటికి ఉండదు. జారడం మొదలవగానే కాలు ఇంకా గట్టిగా నొక్కుకుంటుంది, మనిషి తత్వం అది. బ్రేకు కాస్త వదిలి చక్రాన్ని తిరగనిస్తేనే పట్టు తిరిగొస్తుంది.

ట్రక్కుకు బ్రేకులు పెట్టాలా?

ఇక్కడ రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ సరుకుంది.

పెట్టాలనేవాళ్ల బలం లెక్క. ట్రక్కు ఇరుసు మీద 6,000 కిలోలుంటాయి. ఆ చక్రాలు కూడా బ్రేకు పడితే తడి తారు మీద 26 మీటర్లు ఆరున్నరకు తగ్గుతాయి. బ్రేకు డ్రమ్ములు సగం పనే చేసినా పదిన్నరకు దిగుతాయి. బండికి చేసే మరే మార్పూ ఇంత తేడా తేదు. యూరప్‌లో కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరిగే కారవాన్ల విషయంలో ఈ వాదం ఎప్పుడో తేలిపోయింది. అక్కడ 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలి. ఎక్కువగా వాడేది ఓవర్‌రన్ రకం: ముందున్న కారు వేగం తగ్గగానే ట్రైలర్ ముందుకు తోస్తుంది, ఆ తోపే రెండిటినీ కలిపే కప్లింగులోని రాడ్డును నొక్కి డ్రమ్ములను బిగిస్తుంది. కప్లింగు ఊడితే బ్రేకు దానంతటదే పడేలా ఒక తీగ కూడా ఉంటుంది. బ్రిటన్‌లో కారవాన్ వాళ్లు పాటించే మరో లెక్క, కారవాన్ బరువు కారు బరువులో 85 శాతం మించకుండా చూసుకోవడం. మన ట్రాక్టరు లాగుతున్నది తన బరువుకు మూడింతల పైచిలుకు. కారవాన్‌తో పోల్చి మనవాళ్లు మొరటుగా లాగుతారనుకుంటే పొరపాటు. అక్కడ 80, 90 కిలోమీటర్ల వేగం, ఇక్కడ 20. వేగం తక్కువ కాబట్టే ఈ దామాషా పొడి రోడ్డు మీద నడిచిపోతోంది. వానలో ఆ వెసులుబాటు పోతుంది.

వద్దనేవాళ్లు చెప్పేవీ కొట్టిపారేయలేం. పొలం బురదలో దిగే ట్రక్కు డ్రమ్ముల్లోకి బంకమట్టి పోతుంది. ఒక పక్క డ్రమ్ము పట్టి రెండోది పట్టకపోతే ట్రక్కు పక్కకు లాగుతుంది, అసలు లేనిదానికంటే అది ప్రమాదం. ట్రక్కు చక్రాలు పూర్తిగా బిగుసుకుంటే దాని తోక రోడ్డుకు అడ్డంగా విసురుకుంటుంది. ఓవర్‌రన్ రకమైతే వెనక్కి తీసేటప్పుడు కూడా బ్రేకు పడుతుంది, దాన్ని ఆపే ఏర్పాటు వేరే కావాలి. ఒకే ట్రక్కును మూడు ట్రాక్టర్లకు మార్చి మార్చి తగిలించే ఊళ్లో హైడ్రాలిక్ పైపు ఒకదానికి కుదిరి ఇంకోదానికి కుదరదు. ఏడాదిలో నెలన్నర నడిచే బండికి పదిన్నర నెలల తుప్పు కూడా లెక్కే. ఏటా విప్పి శుభ్రం చేసేవాళ్లకు మొదటి వాదన నెగ్గుతుంది, తగిలించి మరిచిపోయేవాళ్లకు రెండోది. ఆటోనగర్‌లో కొత్త ట్రక్కు కట్టించుకునేటప్పుడే తేల్చుకోవాల్సిన సంగతి ఇది, తర్వాత ఇరుసు మార్చడం తలనొప్పి.

గాలి తగ్గించడం, నీళ్లు నింపడం

టైరులో గాలి తగ్గిస్తే బురదలో పట్టు పెరుగుతుందన్న మాట నిజమే. నేలకు తగిలే వైశాల్యం పెరిగి టైరు దిగబడదు. అదే టైరుతో 500 కిలోల ముక్కు బరువు మోస్తూ తారు మీద పోతే పక్కగోడలు నలిగి వేడెక్కుతాయి, బండి ఊగుతుంది. ట్రక్కు టైర్లకైతే ఈ చిట్కా అసలు పనికిరాదు, అవి మోసేవి, లాగేవి కావు.

వెనక టైర్లలో నీళ్లు నింపితే సైజును బట్టి ఒక్కో దాంట్లో 150 నుంచి 250 లీటర్లు పడతాయి. రెండిట్లో కలిపి 400 కిలోలు చేరాయనుకున్నా, తడి రోడ్డు మీద ఆగే దూరం 26 నుంచి 23 మీటర్లకు తగ్గుతుంది. మంచిదే, కానీ సరుకు సరిగ్గా పేర్చడంలో వచ్చే లాభం దీనికి చాలా రెట్లు.

దిగబడితే

వానలో దిగబడిన ట్రక్కును లాగడానికి గొలుసు ఎక్కడ తగిలించారన్నది ప్రాణం మీదికి తెస్తుంది. గొలుసు వెనక ఇరుసు కంటే ఎత్తున, టాప్ లింకు (పనిముట్లు తగిలించే పై కడ్డీ) దగ్గరో సీటు కిందో కడితే, చక్రాలు కదలనప్పుడు ఇంజను బలం ట్రాక్టరు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ముక్కు లేచాక వెనక్కి తిరగబడకుండా ఆపలేని దశకు చేరడానికి ముప్పావు సెకను పడుతుంది. క్లచ్చు తొక్కాలన్న ఆలోచన కాలికి చేరేలోపు అయిపోతుంది. ఇరుసుకు కిందుండే డ్రాబారుకే, అంటే ట్రాక్టరు వెనక ఉండే లాగుడు పట్టీకే కట్టాలి. టిక్కీలు సగం దించి లాగడం ఆలస్యమే, కానీ ట్రాక్టరు కింద పడిన మనిషిని లాగడం కంటే తేలిక.

రెండు వెనక చక్రాలనూ ఒకటిగా తిప్పే డిఫరెన్షియల్ లాక్ ఇక్కడ సాయపడుతుంది, నేరుగా పోతున్నంతసేపే. బయటపడ్డాక వదలకుండా మలుపు తిప్పితే రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతూ ట్రాక్టరును నేరుగా తోస్తాయి. సందు దారిలో అది గోడలోకో కాలువలోకో.

పట్ట మీద నిలిచే నీళ్లు, ఇరుసులోకి పోయే నీళ్లు

పట్టను బల్లపరుపుగా కప్పితే మధ్యలో గుంట పడుతుంది. 3 చదరపు మీటర్ల మేర 5 సెంటీమీటర్లు నీళ్లు నిలిస్తే 150 కిలోలు, అదీ అన్నిటికంటే పైన, మలుపులో అటూ ఇటూ పొర్లుతూ. మధ్య వరసలో ఓ టిక్కీ ఎత్తు పెంచి పట్టను ఇంటికప్పులా వాల్చి, మోకును అడ్డంగానే కాక మూలలకు ఐమూలగా కూడా లాగి కట్టేది ఇందుకే. ముందు వైపు అంచు పైపొర కిందికి మడవకపోతే గాలి దూరి పట్ట బుడగలా లేస్తుంది. అయితే నాలుగు పక్కలా గాలాడకుండా బిగించి రాత్రంతా వదిలేస్తే కాయ చెమర్చి లోపలి నుంచే పాడవుతుంది. ఇంటికి చేరగానే పక్కలు విప్పాలి. తడిసిన సరుకు బరువు కూడా పెరుగుతుంది: 11 శాతం తేమ ఉన్న 5 టన్నుల కాయ 16 శాతానికి చేరితే సుమారు 300 కిలోలు అదనం.

నీళ్లు నిలిచిన చప్టా దాటేటప్పుడు ట్రక్కు చక్రం మధ్య హబ్బు, అంటే బేరింగు ఉండే గుండ్రటి గూడు, వేడిగా ఉంటుంది. చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, అరిగిన సీలు గుండా నీళ్లను లోపలికి పీలుస్తుంది. గ్రీజు పాలలా తెల్లబడుతుంది. ఆ రోజు ఏమీ కాదు. రెండు వారాల తర్వాత మిర్చి యార్డుకు వెళ్లే దారిలో బేరింగు మూలుగుతుంది, ఆపైన చక్రం ఊడుతుంది, నెపం రోడ్డు గుంట మీద పడుతుంది. నీళ్లు దాటిన బండికి హబ్బు మూత తీసి గ్రీజు రంగు చూడటం పది నిమిషాల పని.

లైసెన్సు, బీమా దగ్గర గందరగోళం

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రాక్టరు తేలికపాటి వాహనమా కాదా అన్నది దాని ఖాళీ బరువును బట్టి తేలుతుంది. 7,500 కిలోలు మించకపోతే తేలికపాటిదే. మన 2 టన్నుల ట్రాక్టరు ఆ పరిధిలోదే. ట్రక్కు తగిలిస్తే ఆ లైసెన్సు చెల్లదా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా పోయింది. ట్రాక్టరు నడిపే లైసెన్సు ఉన్నవాడు దానికి ట్రైలర్ తగిలించినంత మాత్రాన అనర్హుడైపోడని 2001లో కోర్టు చెప్పింది. తేలికపాటి వాహనాల లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపవచ్చని 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. రెండో తీర్పు రవాణా వాహనాల గురించి, దాన్ని ట్రాక్టరుకు కలిపి చెప్పుకోవడంతోనే తికమక వస్తోంది.

బీమాలో చిక్కు వేరేచోట. ట్రక్కు చట్టం దృష్టిలో వేరే వాహనం, ట్రాక్టరు పాలసీలో దాని ప్రస్తావన ఉందో లేదో చూసుకోవాలి. వ్యవసాయానికని రాయించిన బండితో కిరాయికి ఇసుక తోలుతూ ప్రమాదం జరిగితే బీమా కంపెనీ వాదనకు దిగుతుంది. టిక్కీల మీద కూర్చున్న కూలీల విషయం మరీ కష్టం. ట్రాక్టరుకు సీటు ఒక్కటే, సరుకు బండి మీద ఎక్కినవాళ్లను పాలసీ ప్రయాణికులుగా లెక్కించదు. వాన పడుతుంటే వాళ్లను నడిచి రమ్మనలేని మొహమాటం అర్థమయ్యేదే. తడిసిన పట్ట మీద పట్టుకోవడానికి ఏమీ ఉండదన్నదీ నిజమే. పరిమితికి మించి ఎక్కించిన సరుకుకు 2019 సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000.

చీకటి పడ్డాక

వాన వెలిసి, జాతీయ రహదారి మీద మంగళగిరి వైపు నుంచి లారీలు మళ్లీ వేగం అందుకునే వేళకు ట్రాక్టర్లు ఇంకా దారిలోనే ఉంటాయి. వెనక నుంచి 80లో వచ్చే లారీకి 20లో పోయే ట్రక్కు సెకనుకు దాదాపు 17 మీటర్ల చొప్పున దగ్గరవుతుంది. ట్రక్కు వెనక లైటు తీగ ఎక్కువగా ఊడిపోయే ఉంటుంది, ఉన్నా ప్లగ్గులో నీళ్లు దిగి వెలగదు. అప్పుడు మిగిలేది వెనక డోరు మీద ఎర్ర రిఫ్లెక్టర్ టేపు, పక్కలకు పసుపు టేపు. వాటికి కరెంటు అక్కర్లేదు, కానీ బురద కప్పేసిన టేపు మెరవదు. పట్ట వెనక అంచు కిందికి వేలాడి డోరును కప్పేసినా అంతే. పొలంలోంచి రోడ్డెక్కేచోట ఆగి టైరు గట్లలో మట్టి గీకేటప్పుడే, తడిగుడ్డతో డోరు మీద టేపు కూడా ఒకసారి తుడిచి, అది కనపడేలా పట్ట అంచును పైకి మడిచి కడతారు.